ఒకటిన్నర స్పీడులో నవ్వు రాదమ్మాయ్

సత్యనారాయణపురం,
విజయవాడ.

అమ్మాయ్,

జబర్దస్త్ కామెడీ షో మీద నువ్వు రాసిన రివ్యూల ఫైలు మొన్న శనివారం చేరింది. మీ నాన్నగారు గుంటూరులో బస్సెక్కే ఎవరి చేతికో ఇచ్చారట, నేను బస్టాండుకి వెళ్ళి తెచ్చుకున్నాను. ఇరవై నాలుగు ఎపిసోడ్లు, నూట ముప్పై పైచిలుకు స్కిట్లు. ఒక్కోదానికి పదికి ఇన్ని అని మార్కులు, చివర ఎపిసోడ్ మొత్తానికి ఏ, బీ, సీ అని గ్రేడు. నీ వాక్యం తిన్నగా నడుస్తుంది, అక్షరదోషాలు లేవు. మెచ్చుకోవడం అయిపోయింది.

పదకొండో పేజీ అడుగున ఒక మాట రాశావు: "టైం కలిసొస్తుందని హాస్టల్లో స్కిట్లన్నీ ఒకటిన్నర స్పీడులో చూశాను." అదే పేజీలో పైన: "ఈ స్కిట్‌లో టైమింగ్ బాగా దెబ్బతింది. పదికి 5." ఈ రెండూ ఒకే చేత్తో ఎలా రాశావమ్మా? ఫైలు మూసేసి, డాబా ఎక్కి రెండు రౌండ్లు తిరిగొస్తే గానీ మళ్ళీ తెరవబుద్ధి కాలేదు.

టైమింగ్ అంటే ఏమిటనుకున్నావు? ఒకడు ఒక మాట అన్నాడు. రెండోవాడు వెంటనే బదులు చెప్పకుండా వాడి మొహంలోకి చూశాడు. సెకను చూశాడో, సెకనున్నర చూశాడో. నవ్వు అక్కడ ఊరుతుంది. తర్వాత వచ్చే మాట దాన్ని బయటికి లాగుతుంది, అంతే. ఆ సెకనున్నరని నువ్వు ఫోన్లో సెకను చేశావు. పప్పు సగం ఉడికినప్పుడే నువ్వే దించేసి, పలుకుగా ఉందని వండినవాడికి మార్కులు కోశావు.

పైగా ఇరవై మూడు ఎపిసోడ్లు హాస్టల్లో లైట్లార్పాక, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ముక్కలు ముక్కలుగా చూశావు. జబర్దస్త్ 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైనప్పుడు అలా చూసే ప్రోగ్రాం కాదది. రాత్రి తొమ్మిదిన్నరకి, అన్నాలయ్యాక, ఇంటిల్లిపాదీ మంచాల మీదా కింద చాప మీదా చేరి చూసేవాళ్ళు. జడ్జీల కుర్చీల్లో నాగబాబు, రోజా. స్టేజి మీద యాంకర్ అనసూయ. ఒక టీమ్ స్కిట్ తేలిపోతే "పోనీలే, తర్వాతది చూద్దాం" అనుకుంటూ లేచి మంచినీళ్ళు తాగొచ్చేవాళ్ళు. అది తేలిపోబట్టే తర్వాతది ఇంకాస్త పండేది. నువ్వు దేనికదే విడిగా తెరిచి చూసి, చివర మార్కులన్నీ కూడి, స్కిట్ల లెక్కతో భాగించి, దానికి ఎపిసోడ్ గ్రేడని పేరు పెట్టావు. అది సగటు. ఎపిసోడ్ నువ్వు చూడనే లేదు.

అమెరికాలో కామెడీ షో సాటర్డే నైట్ లైవ్‌కి వారం వారం గ్రేడ్లు వేస్తారు, మనకి మాత్రం ఎందుకుండకూడదు అని అడిగావు. ఉండొచ్చు. కానీ ఆ షో తయారయ్యే తీరు చూడు. 1975 అక్టోబరులో మొదలైంది. న్యూయార్క్‌లో శనివారం రాత్రి పదకొండున్నరకి లైవ్. బుధవారం అందరూ బల్ల చుట్టూ కూర్చుని స్కెచ్‌లు చదువుకుంటారు, చాలావాటికి అక్కడే నీళ్ళొదులుతారు. శనివారం సాయంత్రం జనాన్ని కూర్చోబెట్టి రిహార్సల్ వేస్తారు. వాళ్ళ ముందు పేలనివి ఇంకొన్ని ఎగిరిపోతాయి. ఇక అర్ధరాత్రి దాటి, ఒంటిగంట కావస్తుండగా వచ్చే చివరి స్కెచ్ కాస్త తిక్కతిక్కగా ఉంటుంది. ఆ వేళకి మేలుకుని ఉన్నవాళ్ళ కోసం అది. దాన్నీ, పదకొండున్నరకి వచ్చినదాన్నీ ఒకే తక్కెడలో తూస్తే కుదరదు. మనది వేరే సంగతి. రికార్డు చేసి, కోసి, అతికించి వస్తుంది. టీములకి పోటీ, మార్కులు జడ్జీలు లోపలే వేసేస్తారు. దిద్దేసిన పేపరునే నువ్వు మళ్ళీ దిద్దుతున్నావు. ఇంకో మాట, జోకు పక్కనే జడ్జి నవ్వు మొహం కనిపించినంత మాత్రాన ఆ నవ్వు ఆ జోకుదేనని నమ్మకు. ఎడిటింగ్‌లో నవ్వుని ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు.

మార్కులంటే నాకెందుకు పడదో చెప్తాను, విసుక్కోకు. 1987లో తెనాలి అవతల ఒక ఊళ్ళో నాటక పరిషత్తు పోటీలు. నా హాస్య నాటిక సగంలో ఉండగా కరెంటు పోయింది. చీకట్లో అయిదారు సెకన్లు స్టేజి మీద చప్పుడు లేదు. మొగుడి వేషం వేసినాయన తాపీగా, "బిల్లు కట్టమని నీకిచ్చిన డబ్బుల్తో ఏం కొన్నావే?" అన్నాడు. హైస్కూలు గ్రౌండంతా ఈలలు. ఆ మాట నా స్క్రిప్టులో లేదు. జనరేటర్ వేశాక నాటిక సాగింది. తెల్లారి ఫలితాల్లో ఉత్తమ రచన రెండో బహుమతి నాకు. న్యాయనిర్ణేత మైకు పట్టుకుని మరీ ఆ డైలాగునే మెచ్చుకున్నాడు. నేను శాలువా కప్పించుకుని, నోరు మూసుకుని దిగొచ్చాను. ఆ నటుడికి ఏమీ రాలేదు. తిరుగు రైల్లో నా పక్కనే కూర్చున్నాడు, నా షీల్డు కిందపడకుండా ఒళ్ళో పెట్టుకుని బెజవాడ దాకా తెచ్చాడు. ఆ తర్వాత చాలా నాటికలు కలిసి వేశాం గానీ ఆ రాత్రి సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు. నీ పట్టీలో "రచన", "నటన", "పంచ్" అని మూడు గళ్ళు చూసేసరికి ఆయన గుర్తొచ్చాడు. ఆ బిల్లు మాట ఏ గడిలో వేస్తావు?

తర్వాత నేనూ జడ్జినయ్యాను. రచన, దర్శకత్వం, నటన, ఆహార్యం, రంగాలంకరణ అని టార్చిలైటు వెలుతురులో గళ్ళు నింపుతుంటే స్టేజి మీదికి చూసేదెప్పుడు? అక్కడే ఇంకో ఆచారం చూశాను. ఏడిపించిన నాటికకి మొదటి బహుమతి, నవ్వించినదానికి ప్రోత్సాహక బహుమతి. ఏడిపించడం కష్టమని వీళ్ళకి ఎవరు చెప్పారో!

పత్రికలవాళ్ళు మాత్రం తక్కువా? ఒక వారపత్రికలో రెండేళ్ళు హాస్య శీర్షిక రాశాను. అగరొత్తుల ప్రకటన పట్టడం లేదని ఎడిటర్ నా చివరి లైను కోసేసేవాడు. అడిగితే "ఒక్క లైనేగా మాష్టారూ" అన్నాడు. తాళంచెవి కూడా చిన్నదేగా అన్నాను. ఆ తర్వాత వారం నుంచి రెండు లైన్లు కోశాడు. ఈమధ్య ఇంకొకాయన సినిమా రివ్యూ రాయమని ఫోన్ చేసి, "మ్యాటర్ రేపు పంపినా పర్లేదండీ, రేటింగ్ మాత్రం మ్యాట్నీ లోపల చెప్పండి" అన్నాడు. అయిదుకి రెండు ముప్పావు, మూడుంబావు... ఆ పావు ఎలా తూస్తారో నాకు ఈ జన్మలో అంతుపట్టదు. నువ్వు కూడా ఒక స్కిట్‌కి 7.25 వేశావు. ఆ పావు దేనికో జాబు రాయి.

"ద్వంద్వార్థాల జబ్బు టీవీతోనే వచ్చింది" అన్నావు. ఎవరో అన్నమాట తెచ్చి పెట్టావు, నీది కాదది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు ఏం మాట్లాడుకునేవారో మీ ఊరి పెద్దవాళ్ళని అడుగు. రాత్రంతా రామాయణం నడుస్తుంటే, తూగుతున్న జనాన్ని లేపడానికి మధ్య మధ్య దిగేవాళ్ళు. ఆ మాటల్ని సెన్సారుకి పంపితే ఒక్కటి మిగలదు. కాళ్ళకూరి నారాయణరావుగారు వేశ్యాలోలత్వం మాన్పించాలని రాసిన 'చింతామణి' సంగతి చూడు. సుబ్బిశెట్టి పాత్రకి నటులు కొసరు జోకులు తగిలించి సాగదీసి సాగదీసి, చివరికి 2022 జనవరిలో ప్రభుత్వం నాటకాన్నే నిషేధించేదాకా తెచ్చారు. జబ్బు పాతదే. నువ్వు రాయాల్సింది అది ఈసారి ఎవరి ఒంటికి తగిలిందని.

అలాగే "లేడీ గెటప్ ఉంటే ఒక మార్కు కోత" అని ముందే రూలు పెట్టేసుకున్నావు. కూచిపూడి మనకి ఎంత దూరం? వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా తెర మీదుగా జడ ఇవతలికి వేస్తే ఎవరైనా పకపకా నవ్వారా? మీసాలవాడికి చీర కట్టడమొక్కటే జోకైతే ఒకటి కాదు, నాలుగు కొయ్యి. కానీ వాడు కొంగు దోపుకుని బిందె ఎత్తుకునే తీరులో మన వీధి చివరింటావిడ కనిపించిందనుకో, అప్పుడేం చేస్తావు? జబర్దస్త్‌లో స్కిట్లు వేసిన వేణు 2023లో చావింటి కథతో 'బలగం' సినిమా తీశాడు. మనుషుల్ని చూసే ఆ కన్ను నీ మూడు గళ్ళలో ఎక్కడ పడేది?

ఇప్పుడు అసలు సంగతి. పందొమ్మిదో ఎపిసోడ్. సంక్రాంతి సెలవుల్లో బ్రాడీపేట ఇంట్లో, టీవీలో, మామూలు స్పీడులో నువ్వు చూసింది ఇదొక్కటే. మూడో స్కిట్‌లో మొగుడు పెళ్ళాం లావు మీద వరసపెట్టి జోకులేస్తాడు. "పంచ్‌ల వర్షం. 8.5" అన్నావు. పక్కన బ్రాకెట్లో చిన్న అక్షరాలతో: "నాయనమ్మ మాత్రం మధ్యలో లేచి పాలు తోడు పెట్టడానికి వెళ్ళింది."

ఫైలంతటిలో నేను రెండోసారి చదివిన వాక్యం అదొక్కటే. మూడోసారి కూడా చదివాను. ఆవిడ లేచినప్పుడు మిగతావాళ్ళు నవ్వుతూనే ఉన్నారా? మీ అమ్మ నవ్విందా? మీ నాన్నగారు నవ్వబోయి ఆవిడ వంక చూసి ఊరుకున్నారా? మీ తాతగారు ఆవిణ్ణి నలుగురిలో ఏమని పిలిచేవారు? ఇవేవీ కాక, నిజంగా పాలు గోరువెచ్చబడిన వేళే అయ్యుండొచ్చు. ఆ వేళ దాటితే పెరుగు తోడుకోదు, ఆవిడకి మూడో స్కిట్ అయినా అయిదో స్కిట్ అయినా ఒకటే. నాకు తెలీదు. నువ్వు అడగలేదు కనక నీకూ తెలీదు. తెలీకుండానే 8.5 వేసేశావు.

కలం పేరు సంగతి అడిగావు, ముందు రాయి, తర్వాత చూద్దాం. నువ్వడిగినవి ఇంకేవో ఉన్నట్టున్నాయి, ఆ కాగితం ఎక్కడో పెట్టాను. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు ఒక్క ఎపిసోడ్ చూడు. చేతిలో పెన్ను వద్దు, ఫోను పక్కగదిలో పెట్టు. తెరని సగం చూడు, గదిలోవాళ్ళని సగం చూడు. ఎవరు ఎక్కడ నవ్వారు, ఎవరు ఆలస్యంగా నవ్వారు, ఎవరు లేచారు. మర్నాడు పొద్దున గుర్తున్నంత రాయి. గుర్తులేనిది పోనీ.

ఫైలు రేపు బస్సులో పంపిస్తున్నాను. పందొమ్మిదో ఎపిసోడ్ కాగితం మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. వచ్చే ఆదివారం గుంటూరు వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలో నాటికలున్నాయి, వస్తున్నాను. 2023 డిసెంబరులో నంది నాటకోత్సవాలప్పుడు నువ్వు నన్ను పలకరించిన ఆ మెట్ల దగ్గరే ఉంటాను. మీ నాయనమ్మగారు ఏమన్నారో చెప్పి నీ కాగితం తీసుకెళ్ళు. వీలైతే ఆవిణ్ణి కూడా తీసుకురా. రెండో నాటిక హాస్యమేనట.

ఆశీస్సులతో,
మీ మాష్టారు