షుగర్, బీపీ ఉన్నవాళ్లకు హెల్త్ కోచ్ అవసరమా?

"డాక్టర్‌కు చూపించుకుంటూనే ఉన్నాను, మందులూ ఉన్నాయి, మళ్లీ హెల్త్ కోచ్ దేనికి?" అని ఒకరు అడిగారు. హెల్త్ కోచ్ అంటే మందులు రాసేవారు కాదు, తిండి, నడక, మందులు వేసుకోవడం లాంటి రోజువారీ అలవాట్లు నిలబెట్టుకోవడానికి సాయం చేసేవారు. నాకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి, కొంతకాలం కోచ్ సాయం తీసుకున్నాను. ఏం చెయ్యాలో తెలిసి కూడా రోజూ చెయ్యడం కుదరనివాళ్లకు కోచ్ బాగా పనికొస్తారని నా అనుభవం. మనలో ఎక్కువమంది అలాంటివాళ్లమే.

నా సంగతి చెప్తాను. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర మొదలుపెట్టాక కడుపులో తిప్పడం, విరేచనాలు. బయట పని ఉన్న రోజున మాత్ర వేసుకోవాలంటేనే టెన్షన్. డాక్టర్ గదిలో ఉండే ఆ కాసేపట్లో రిపోర్టులు చూడడం, బీపీ చూడడం, మందులు రాయడం అయిపోయేవి. ఈ ఇబ్బంది అక్కడ ఎప్పుడూ మాటల్లోకి రాలేదు. మా కోచ్ మొదటిసారి మాట్లాడినప్పుడు "మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?" అనలేదు. "ఏ రోజుల్లో మాత్ర వేసుకోవడం కష్టంగా ఉంటోంది?" అని అడిగారు. అలా అడిగితే అవునని, కాదని తేల్చెయ్యలేం కదా, మొత్తం చెప్పేశాను. మాత్ర మానమని గానీ, తగ్గించుకోమని గానీ ఆవిడ ఒక్క మాట అనలేదు. అది డాక్టర్ చెప్పాల్సిన విషయమన్నారు. ఏ పూట వేసుకుంటే కడుపు ఎలా ఉంటోందో కొన్నాళ్లు రాసి, ఆ కాగితం డాక్టర్ చేతికి ఇమ్మన్నారు. డాక్టర్ అది చూసి నెమ్మదిగా మందు విడుదలయ్యే రకానికి, అంటే ఎక్స్‌టెండెడ్ రిలీజ్ మాత్రకు మార్చి, భోజనంతో పాటు వేసుకోమన్నారు. కడుపు కుదుటపడింది. మెట్‌ఫార్మిన్‌తో ఈ బాధ చాలామందికి వచ్చేదే. సంగతి డాక్టర్ దాకా చేరితే చాలావరకు దారి దొరుకుతుంది.

దీర్ఘకాలిక జబ్బులకు మందులు చెప్పినట్టు వాడేవాళ్లు అభివృద్ధి చెందిన దేశాల్లో కూడా సగటున 50 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో చెప్పింది. మిగతా సగం మందినీ బద్ధకస్తులని తీసిపారేస్తే నాకు బాధేస్తుంది. ఒకరికి సైడ్ ఎఫెక్ట్, ఇంకొకరికి డబ్బు, మరొకరికి నైట్ డ్యూటీ, ఇంకెవరికో జీవితాంతం మందులేనా అన్న దిగులు. ఆ కారణమేమిటో అడగకుండా "తప్పకుండా వాడండి" అని ఎన్నిసార్లు చెప్పి ఏం లాభం?

ఇలా అడగడం వెనక శిక్షణ ఉంది. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు. మద్యం అలవాటున్నవాళ్లతో పనిచేసిన విలియం మిల్లర్ అనే సైకాలజిస్టు 1983లో దీని గురించి మొదట రాశారు. మారమని వాదించకుండా, ఎందుకు మారాలనుకుంటున్నారో మనచేతే చెప్పించే పద్ధతి ఇది. నేను రోజూ గంట నడుస్తానంటే, "నిజంగా చెయ్యగలనన్న నమ్మకం 10కి ఎంత?" అన్నారు ఆవిడ. 4 అన్నాను. "అయితే 7 వచ్చేదాకా లక్ష్యం తగ్గించుకుంటూ రండి" అన్నారు. చివరికి రాత్రి భోజనం అయ్యాక 10 నిమిషాల నడక దగ్గర ఆగాం. అది నిలిచింది. తర్వాత దానంతట అదే పెరిగింది.

కోచ్‌ల వల్ల ఫలితం ఉంటుందా అంటే, అమెరికాలో డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. ఫలితాలు 2002లో వచ్చాయి. షుగర్ వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్న 3,234 మందిని తీసుకుని, ఒక బృందంలో ఒక్కొక్కరికీ విడిగా కోచ్‌తో 16 పాఠాలు చెప్పించారు. బరువు 7 శాతం తగ్గాలి, వారానికి 150 నిమిషాలు వ్యాయామం చెయ్యాలి, అదీ లక్ష్యం. ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లతో పోలిస్తే ఆ బృందంలో షుగర్ బారిన పడడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ ఇచ్చిన బృందంలో 31 శాతం తగ్గింది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. వాళ్లంతా అప్పటికి షుగర్ రానివాళ్లు. ఈ లెక్క చూసి షుగర్ ఉన్నవాళ్లు మాత్రలు మానెయ్యకూడదు.

నేను భయపడేది కూడా అక్కడే. హెల్త్ కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి చాలా చోట్ల లైసెన్సు అక్కర్లేదు. మందులు మాన్పిస్తామనేవాళ్లు, పొడులు, డబ్బాలు అమ్మేవాళ్లు ఎదురైతే అక్కడితో ఆపెయ్యండి. ముఖ్యంగా ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు కోచ్ మాట మీద తిండి ఒక్కసారిగా తగ్గించినా, వ్యాయామం పెంచినా షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయి. వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ గానీ చక్కెర గానీ తీసుకుని, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్ష చేసుకోవాలి. అందుకే అలాంటి మార్పు ఏదైనా ముందు డాక్టర్‌కు చెప్పే మొదలుపెట్టాలి. ఆ మాట తనంతట తను చెప్పే కోచ్ మంచి కోచ్.

ఇంట్లో చూసుకునే రీడింగుల విషయంలోనూ నాకు సాయం దొరికింది. ఒక్క పూట షుగర్ పెరిగితే నిద్ర పట్టేది కాదు. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష సుమారు రెండు మూడు నెలల షుగర్ సగటు చూపిస్తుందని, ఒక్క రీడింగుతో అది తారుమారైపోదని ఆవిడ వివరించాక మనసు తేలికపడింది. బీపీ చూసుకునే ముందు 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలని, వీపుకు ఆసరా ఉండాలని, పాదాలు నేలకు ఆనాలని, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలని దగ్గరుండి చూపించారు.

డబ్బు పెట్టే ముందు, మీ డాక్టర్ దగ్గర డయాబెటిస్ ఎడ్యుకేటర్ (షుగర్‌ను ఎలా చూసుకోవాలో నేర్పేవారు) గానీ, ఓపికగా మాట్లాడే నర్సు గానీ ఉన్నారేమో కనుక్కోండి. ఉంటే ఈ పని చాలావరకు వాళ్లతోనే అయిపోతుంది. లేరంటే కోచ్‌ను పెట్టుకోండి. ఎక్కడ శిక్షణ పొందారు, అవసరమైతే మీ డాక్టర్‌తో మాట్లాడతారా, ఎన్ని నెలల్లో మీ అంతట మీరు చూసుకునేలా చేస్తారు అని ముందే అడగండి. మొదటి రోజే మీరు వాడే మందుల పేర్లు అడగని కోచ్ దగ్గర మాత్రం చేరకండి.