ఆర్‌.ఆర్‌. (రీరికార్డింగ్, అంటే సీన్ వెనక వినిపించే మ్యూజిక్) ఎక్కడ ఆపాలి?

ప్రశ్న: నా షార్ట్ ఫిల్మ్‌లో కొడుకు దుబాయ్ నుంచి వచ్చేసరికి తల్లి చనిపోయి ఉంటుంది. ఆటో దిగి, వాకిట్లో చెప్పులు విడిచి లోపలికి వెళ్తాడు. అక్కడ మ్యూజిక్ వద్దని నా మనసు చెబుతోంది. 'సౌండ్ పోయిందనుకుంటారు' అని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు. ఎలా తేల్చుకోవాలి?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: మీ ఫ్రెండ్స్ భయం ఊరికే పుట్టింది కాదు. రీరికార్డింగ్ థియేటర్లలో నేనూ ఆ మాట చాలాసార్లు విన్నాను. మన సినిమాల్లో చాలావాటికి మాటలు తర్వాత డబ్బింగ్‌లో చెప్పిస్తాం. షూటింగ్ రోజు ఆ ఇంట్లో తిరిగిన ఫ్యాను, వీధిలో మొరిగిన కుక్క, ఎఫెక్ట్స్ వాళ్లు మళ్లీ వేస్తే తప్ప ఫైనల్ ట్రాక్‌లో ఉండవు. అలాంటి ట్రాక్ మీంచి వయొలిన్ తీసేస్తే ఏమీ మిగలదు. జనం ప్రొజెక్టర్ గది వైపు తిరిగి చూసేది అప్పుడే.

కాబట్టి ముందు ఆ ఇంటి చప్పుళ్లు సిద్ధం చేసుకోండి. గచ్చు మీద చెప్పు పడ్డ చప్పుడు, ప్లాస్టిక్ కుర్చీ జరిపిన చప్పుడు, గోడ అవతల ఆడవాళ్ల ఏడుపు వేయండి. ఆ ఏడుపు అతను గుమ్మం దాటేదాకా గోడ అవతలి నుంచే వినిపించాలి, దాటాక ఒక్కసారిగా దగ్గరవ్వాలి. ఇవన్నీ వేశాక మ్యూజిక్ లేకుండా చూడండి. మీ నటుడి ముఖంలో అప్పటికే దుఃఖం కనిపిస్తుంటే వయొలిన్ చెప్పేది చెప్పిందే అవుతుంది. నటన తేలిపోయిందా, మొహమాటపడకుండా మ్యూజిక్ వేయించుకోండి. పేలవమైన నటనను నిశ్శబ్దం ఇంకా బయటపెడుతుంది.

ఇంకో మాట. ఆటోలో వస్తున్నప్పుడు మ్యూజిక్ ఉంటే దాన్ని వాకిలి దగ్గర తెంచకండి. ఆటో ఇంజిన్ ఇంకా మోగుతుండగానే ఆ మోత కింద మెల్లగా దించేయండి. ఇంజిన్ ఆగేసరికి మ్యూజిక్ ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది, ఎవరూ గమనించరు.

వీలైతే 1955 నాటి ఫ్రెంచ్ సినిమా 'రిఫిఫీ' చూడండి. అందులో నగల దుకాణం దోపిడీ దాదాపు అరగంట సాగుతుంది. మాట లేదు, మ్యూజిక్ లేదు. జార్జ్ ఓరిక్ ఆ సీన్‌కు మ్యూజిక్ రాశాడు కూడా. దర్శకుడు జూల్స్ డాసిన్ మ్యూజిక్ ఉన్నదీ లేనిదీ రెండూ చూపించాక, వద్దని ఓరిక్కే ఒప్పుకున్నాడు. దొంగలు పై అంతస్తు నుంచి కన్నం వేస్తూ, పెళ్లలు కింద పడకుండా ఆ కన్నంలోంచి గొడుగు దించి తెరుస్తారు. చప్పుడైతే దొరికిపోతారని మనకు తెలుసు. గొడుగులో పడే ఒక్కో పెళ్ల మనకు టెన్షన్ పెట్టేది అందుకే. డ్రమ్స్ వాయించి ఉంటే ఆ పెళ్ల వినిపించేదే కాదు.

ప్రశ్న: గొప్ప దర్శకులు మ్యూజిక్ తక్కువే వాడతారంటారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అలా అని ఏమీ లేదమ్మా. 'సైకో' (1960)లో బాత్రూమ్ హత్యకు మ్యూజిక్ వద్దని హిచ్‌కాక్ మొదట అనుకున్నాడు. బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లతో చేసి వినిపించాక మనసు మార్చుకున్నాడు. ఆ ఇద్దరే 1963లో 'ది బర్డ్స్'కు మామూలు మ్యూజిక్ పెట్టలేదు. ఎలక్ట్రానిక్ వాద్యం మీద పుట్టించిన పక్షుల అరుపులతోనే భయపెట్టారు. ప్రతి సీన్‌కూ విడిగా ఆలోచించాల్సిందే.

నాకు అన్నిటికన్నా నచ్చేది 'కాస్ట్ అవే' (2000). హీరో దీవిలో ఉన్నంతసేపూ అలలు, గాలి తప్ప మ్యూజిక్ లేదు. తెప్ప మీద పెద్ద అల దాటి, అతను వెనక్కి తిరిగి దీవిని చూసినప్పుడు అలన్ సిల్వెస్ట్రీ మ్యూజిక్ మొదలవుతుంది. అంతసేపు ఆపారు గనకే ఆ కొద్దిపాటి స్వరాలకు గొంతు పూడుకుపోతుంది.

ప్రశ్న: 'పుష్పక విమానం' (1987) మూకీ కదా! మరి దానికి సంగీత దర్శకుడెందుకు?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: అందులో లేనివి మాటలే. చప్పుళ్లున్నాయి, ఎల్. వైద్యనాథన్ సంగీతమూ ఉంది. మాట లేనప్పుడు సంగీత దర్శకుడికి పని పెరుగుతుంది. ఈసారి చూసేటప్పుడు మ్యూజిక్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో కాగితం మీద రాసుకోండి, నాకు పంపండి.