బార్సిలోనా రంగుల్లో మోడల్ కారు: 5 వారాలు చాలు, రంగును ఆరనిస్తే

మీ అన్నయ్య బార్సిలోనా ఫుట్‌బాల్ జట్టు అభిమాని, పుట్టినరోజుకు ఇంకా 5 వారాలుంది, ఇంతవరకు ఒక్క కిట్ కూడా చేయలేదు, డైకాస్ట్ (లోహంతో పోతపోసిన, రెడీమేడ్) బొమ్మ కారు కొని రంగు మార్చాలా లేక విడి భాగాలు అతికించి చేసే ప్లాస్టిక్ కిట్ తీసుకోవాలా అని అడిగారు. ప్లాస్టిక్ కిట్ తీసుకోండి. డైకాస్ట్ కారుకి రంగు మార్చాలంటే అడుగున ఉన్న రివెట్లు డ్రిల్ చేసి విప్పాలి, పాత పెయింట్ కరిగించాలి. ఆ పని మొదటిసారి చేసేవాళ్లకు చాలా విసుగు. కిట్‌లో బాడీ విడిగా వస్తుంది కాబట్టి నేరుగా రంగు మీదే మనసు పెట్టొచ్చు.

నేను ఇదే జట్టు రంగుల్లో, అంటే ముదురు ఎరుపు, నీలం చారల్లో, మా తమ్ముడికి ఒక కారు చేశాను. టమియా అనే మోడల్ కిట్ల కంపెనీ వాళ్ల 1/24 (అసలు కారులో 24వ వంతు సైజు) ఫోక్స్‌వాగన్ బీటిల్. అసలు కారు 4 మీటర్ల పైచిలుకు, మోడల్ 17 సెంటీమీటర్లు. ముద్దుగా ఉంటుంది కానీ చారలకు అది కష్టమైన కారు. ఒంపులు తిరిగిన బానెట్ మీద టేపు తిన్నగా నిలవదు. మీరు బానెట్, పైకప్పు చదునుగా ఉండే కారు ఎంచుకోండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

అన్నిటికంటే ముందు ఆలోచించాల్సింది కారు తలుపు మీద వేసే జెర్సీ నంబరు. అందరూ 10 వేస్తారు. మా తమ్ముడు ఆట చూడటం మొదలుపెట్టినప్పుడు మెస్సీ వీపు మీద 19 ఉండేది. అంతకుముందు 30, ఆ తర్వాత 2008లో 10 వచ్చింది. నేను 19 వేశాను. మీ అన్నయ్యకు అదే జట్టులో ఆడిన షావీ ఇష్టమైతే 6, ఇనియెస్టా అయితే 8. అభిమాని కళ్లు ముందు వెతికేది ఆ అంకెనే. మాటల్లో పెట్టి మెల్లగా కనుక్కోండి.

ఇక రంగు. బాడీని ముందు గిన్నెలు తోమే సబ్బుతో కడగండి. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు పోకపోతే పెయింట్ పట్టదు. ప్లాస్టిక్ మీద సన్నటి అచ్చు గీతలుంటాయి, వాటిని ఎమరీ పేపర్‌తో రుద్ది, తెల్ల ప్రైమర్ (రంగు పట్టేందుకు వేసే మొదటి పూత) కొట్టండి. ముదురు ఎరుపు ముందు, నీలం తర్వాత. నీలం మీద ఎరుపు కొడితే అది వంకాయ రంగులోకి తిరుగుతుంది, ఎన్ని పూతలు వేసినా ఎరుపు తేలదు. ఎరుపు మీద నీలం మాత్రం బాగా కప్పుతుంది. బాడీ మీద కొట్టేముందు ఒక ప్లాస్టిక్ చెంచా మీద రెండు రంగులూ కొట్టి, పగటి వెలుతురులో జెర్సీ ఫొటో పక్కన పెట్టి చూడండి. డబ్బా మూత మీద కనిపించే రంగు ఒకటి, ఆరాక వచ్చే రంగు ఒకటి. నేను మూడు చెంచాలు మార్చాకే సరైన ఎరుపు దొరికింది.

చారల దగ్గరే అందరూ దెబ్బతింటారు, అందుకే ఇది కాస్త వివరంగా చెప్తాను. ఎరుపు కనీసం రెండు రోజులు ఆరాక మాస్కింగ్ టేపు అంటించి, అంచు పొడవునా టూత్‌పిక్ వెనక భాగంతో నొక్కండి. వెంటనే నీలం కొట్టకండి. ముందు ఆ టేపు అంచు మీద అదే ఎరుపును ఇంకోసారి పలచగా కొట్టండి. టేపు కింద ఏ చిన్న సందు ఉన్నా ఆ ఎరుపే వెళ్లి పూడుస్తుంది, కింద ఉన్నదీ ఎరుపే కాబట్టి కనపడదు. అది ఆరాక నీలం కొడితే లోపలికి పాకడానికి దారి ఉండదు. నీలం ముట్టుకుంటే అంటుకోని స్థితికి రాగానే, పూర్తిగా గట్టిపడకముందే, టేపును దాని మీదికే మడుస్తూ మెల్లగా లాగండి. బీటిల్ మీద మొదటిసారి నేను ఈ ఎరుపు పూత వేయలేదు. టేపు తీస్తే చార అంచు రంపంలా ఉంది. బాడీ మొత్తం మళ్లీ రుద్దాల్సి వచ్చింది, ఒక వారం పోయింది.

స్ప్రే క్యాన్ 20 సెంటీమీటర్ల పైన దూరంలో పట్టుకుని, పలచటి పూతలుగా కొట్టండి. కిటికీలు తెరిచి, మాస్క్ పెట్టుకోండి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు మాత్రం పని ఆపేయండి. నేను వాన రోజున క్లియర్ కోట్ (రంగు లేని పై పూత) కొడితే మీద పాలపొర కట్టినట్టు తెల్లబడింది. ఇంకో సంగతి, ఎనామిల్ రకం పెయింట్ మీద లాకర్ రకం పెయింట్ కొట్టకండి, కింది రంగు ముడతలు పడుతుంది. మొత్తం లాకర్‌లోనే ఉంచడం మేలు.

నంబరు, జట్టు చిహ్నం ఇంట్లో ఉన్న ఇంక్‌జెట్ ప్రింటర్‌లో డెకాల్ పేపర్ (నీళ్లలో తడిపి అంటించే స్టిక్కర్ లాంటిది) మీద ప్రింట్ చేసుకోవచ్చు. అయితే ప్రింటర్‌లో తెల్ల సిరా ఉండదు. పారదర్శకమైన పేపర్ మీద ప్రింట్ చేసిన పసుపు అంకె నీలం మీద పడగానే మాయమైపోతుంది. తెల్ల డెకాల్ పేపర్ వాడి అంచు దాకా కత్తిరించండి. లేదా పాత రేసు కార్లకు ఉన్నట్టు తలుపు మీద తెల్లటి గుండ్రం వేసి, అందులో నంబరు పెట్టండి. నేను అదే చేశాను, దూరం నుంచి కూడా 19 స్పష్టంగా కనిపిస్తుంది. ప్రింట్ చేశాక క్లియర్ కొట్టకుండా నీళ్లలో వేస్తే సిరా కరిగిపోతుంది. డెకాల్ ఎప్పుడూ నున్నటి మెరుపు పూత మీదే అంటించాలి. గరుకు మీద అంటిస్తే కింద గాలి చిక్కుకుని వెండి పొరలా మెరుస్తుంది. ఒంపుల మీద కూర్చోబెట్టడానికి డెకాల్‌ను మెత్తబరిచే మైక్రో సోల్ లాంటి ద్రవం రాయండి. రాయగానే డెకాల్ ముడతలు పడుతుంది, కంగారుపడి వేలు పెట్టకండి, ఆరేకొద్దీ దానంతటదే సర్దుకుంటుంది.

అద్దాలకు సూపర్ గ్లూ వద్దు, దాని ఆవిరికి అద్దం మసకబారుతుంది. తెల్ల ఫెవికాల్ రకం జిగురు చాలు.

లోపల ఒక చిన్న స్కార్ఫ్ కూడా పెట్టండి. స్టేడియంలో అభిమానులు మెడలో వేసుకునే స్కార్ఫ్ మీటరున్నర ఉంటుందనుకుంటే, 1/24లో 6 సెంటీమీటర్లు. టిష్యూ పేపర్ ముక్కను నీళ్లు కలిపిన తెల్ల జిగురులో తడిపి, వెనక సీటు మీద వేసి, మడతలు సూదితో సర్దాను. ఆరాక సన్నటి బ్రష్‌తో చారలు వేశాను. గంట పట్టింది. తమ్ముడు పెట్టె తెరిచి ముందు తలుపు మీద 19 మీద వేలు ఉంచాడు. తర్వాత కారును కంటి దగ్గరకు తెచ్చుకుని వెనక అద్దంలోంచి చూసి, "అక్కా, స్కార్ఫ్ కూడానా?" అన్నాడు.

5 వారాల్లో చివరి వారం ఏ పనీ పెట్టుకోకుండా ఆరడానికే వదిలేయండి. తాజా పెయింట్ మీద బబుల్ రాప్ చుడితే ఆ బుడగల అచ్చు రంగు మీద పడుతుంది. కారును ఒక చెక్క పలకకు కింద నుంచి స్క్రూతో బిగించి, పైన పారదర్శకమైన మూత పెట్టి ఇవ్వండి, బాడీకి ఏదీ తగలదు.

ఏ కారు ఎంచుకున్నారో, ఏ నంబరు వేస్తున్నారో రాయండి. తలుపు మీద గుండ్రం ఎంత సైజులో ప్రింట్ చేయాలో లెక్క చూసి చెప్తాను.