చంద్రుణ్ణి చూసే ముందు సూర్యుడెటున్నాడో చూడు

బిడ్డా,

నిన్న ఏడింటికి బాల్కనీలోంచి కనబడ్డ చంద్రుడు ఇవాళ అదే టైముకి ఎందుకు లేడని బాబు అడిగాడని, ఏం చెప్పాలో నీకు తోచలేదని రాశావు. భూమి నీడ పడి చంద్రుడు తరుగుతాడని ఎవరో వాడికి చెప్పారట కదా. ముందు ఆ మాటను వాడి బుర్రలోంచి తీసెయ్యాలి. మన నీడ చంద్రుడి మీద పడేది చంద్రగ్రహణం నాడే. చంద్రుడి దారి భూమి దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. అందుకే చాలా పౌర్ణములకు ఆ నీడకు పైనుంచో కిందనుంచో తప్పుకుని వెళ్లిపోతాడు. రోజూ పెరగడానికీ తరగడానికీ ఆ నీడతో సంబంధమే లేదు.

వాడికి ఒక్క అలవాటు నేర్పు. చంద్రుడు కనబడగానే, సూర్యుడు ఇప్పుడు ఎటున్నాడు అని అడుగు. పొద్దు గూకినా సరే, ఏ దిక్కున దిగాడో గుర్తుంటే చాలు. చంద్రుడికి సొంత వెలుగు లేదు. సూర్యుడి వైపున్న సగం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, అమావాస్య నాడు కూడా. ఆ వెలుగు సగంలో మన కంటికి ఎంత భాగం కనబడుతుందన్నదే రోజురోజుకీ మారుతుంది.

ఇది మాటల్లో చెబితే పిల్లలకు ఎక్కదు, చేసి చూపించాలి. శుక్ల పక్షం అష్టమి నాడు సాయంత్రం నాలుగింటికి వాణ్ణి మేడ మీదికి తీసుకెళ్లు. చంద్రుడు అప్పటికే తూర్పు వైపు బాగా పైకి వచ్చి ఉంటాడు. తెల్లటి చిన్న బంతిని ఎండలో పట్టుకుని, చెయ్యి చాపి, సరిగ్గా చంద్రుడి పక్కన కనబడేలా ఉంచమను. వాటర్ ట్యాంకు నీడ మాత్రం బంతి మీద పడకూడదు. బంతి మీద ఎండ ఏ వైపు ఎంత పడిందో, చంద్రుడి మీదా ఆ వైపే అంతే కనబడుతుంది. బొమ్మలు గీసి ఎంతసేపు చెప్పినా రాని నమ్మకం ఈ ఒక్క చూపుతో వస్తుంది. భూమి నీడ మాట కూడా అక్కడే తేలిపోతుంది. సూర్యుడు పడమర, చంద్రుడు ఇటు, మధ్యలో భూమి అడ్డం వచ్చే వీలెక్కడుంది? సూర్యుడి వైపు నేరుగా చూడనివ్వకు. బైనాక్యులర్స్ ఉంటే అవి పొద్దు పూర్తిగా గూకాకే వాడి చేతికివ్వు.

ఇక టైము సంగతి. గోడ మీది క్యాలెండర్‌లో తిథి ఉంటుంది కదా, అది ఆకాశం లెక్కే. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి, ఆ 12 డిగ్రీలు అందుకోవడానికి దానికి సుమారు 50 నిమిషాలు ఎక్కువ పడుతుంది. అందుకే చంద్రోదయం సగటున రోజుకు అంత ఆలస్యం అవుతుంది. మీ బాల్కనీ తూర్పు వైపుంది, పైగా మొన్ననే పౌర్ణమి వెళ్లింది. నిన్న ఏడింటికి ఉన్నవాడు ఇవాళ ఎనిమిదికి దగ్గర్లో వస్తాడు. సంకష్టహర చతుర్థి నాడు మీ అత్తగారు తొమ్మిది ప్రాంతం దాకా చంద్రుడి కోసం కాచుకోవడం వెనక ఉన్నదీ ఈ లెక్కే. బతుకమ్మ రోజులు ఇంకా మంచి పాఠం. పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మకు ఆకాశంలో చంద్రుడే ఉండడు. సద్దుల బతుకమ్మ నాటికి అష్టమి, మీరు ఆడుతున్నప్పుడు దక్షిణం వైపు సగం చంద్రుడు ఉంటాడు. ఆ మధ్య రోజుల్లో రోజూ చూపిస్తే పెరగడం వాడి కళ్ల ముందే జరుగుతుంది.

నెలవంక ఒక్కోసారి పడవలా వెల్లకిలా, ఒక్కోసారి పక్కకు ఒరిగి ఉండటానికీ సూర్యుణ్ణే అడగాలి. ఉగాది రోజుల్లో మన హైదరాబాద్‌లో విదియ, తదియ చంద్రుడు దాదాపు సూర్యుడు దిగిన చోటికి నిట్టనిలువుగా పైన ఉంటాడు. కాబట్టి వెలుగు అడుగున పడుతుంది. దసరా రోజుల్లో సూర్యుడు దిగిన చోటికి బాగా ఎడమగా, దక్షిణం వైపు జరిగి ఉంటాడు. అప్పుడు వెలుగు కుడివైపు కిందికి పడి ఒరిగినట్టు కనిపిస్తాడు. రంజాన్ నెలవంక కోసం చార్మినార్ దగ్గర పడమటి దిక్కు చూసేవాళ్లకు ఇది బాగా తెలుసు. ఆ సన్నని రోజుల్లో చీకటి భాగం కూడా మసగ్గా కనబడుతుంది. అది భూమి మీద పడ్డ ఎండ తిరిగి చంద్రుడికి చేరడం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం అదే, వాడికి తప్పకుండా చూపించు.

పౌర్ణమి నాడు నెక్లెస్ రోడ్డు నుంచి చూస్తే హుస్సేన్ సాగర్ అవతల ట్యాంక్‌బండ్ మీదుగా ఎంతో పెద్దగా, ఎర్రగా లేస్తాడు. ఎరుపు మన గాలి, దుమ్ము వల్ల. పెద్దగా అనిపించడం మాత్రం కంటి భ్రమ. చెయ్యి చాపి చిటికెన వేలి గోరు అడ్డం పెట్టమను, మళ్లీ పదింటికి బాగా పైకెక్కాకా పెట్టమను. రెండుసార్లూ గోరు చాటునే దాగిపోతాడు. దూరం మారడం నిజమే, 3,63,000 కిలోమీటర్ల నుంచి 4,05,000 దాకా. కానీ ఆ తేడా ఒక్క రాత్రిలో కంటికి ఆనదు.

కృష్ణ పక్షంలో రాత్రిళ్లు వాణ్ణి మేలుకోబెట్టొద్దు. స్కూలు బస్సు కోసం నిలబడ్డప్పుడు పడమటి వైపు చూడమను, అష్టమి ప్రాంతంలో చంద్రుడు ఇంకా అక్కడే ఉంటాడు. వానాకాలం మబ్బులతో వాడికి విసుగొస్తుంది, కాబట్టి కార్తీకంలో మొదలుపెట్టు. ఒక నోట్‌బుక్‌లో తిథి, టైము, బొమ్మ వేయించు. 29 లేదా 30 రోజులకు మొదటి బొమ్మే మళ్లీ వస్తే వాడే నీ దగ్గరికి పరుగెత్తుకొస్తాడు. ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపించు.

ఆశీస్సులతో
మీ పెద్దబాపు