చూపు లేని పిల్లల కుటుంబాల సదస్సు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్లు. ఏడో నెలలో పుట్టాడు. రెటీనా దెబ్బతినడం వల్ల ఒక కంటికి వెలుతురు మాత్రమే తెలుస్తుంది, రెండో కంటికి అదీ లేదు. వచ్చే నెలలో ఒక స్వచ్ఛంద సంస్థ ఇలాంటి పిల్లల కుటుంబాలకు హైదరాబాదులో శని, ఆదివారాల్లో సదస్సు పెడుతోంది. రెండు రోజుల పని పోగొట్టుకుని వెళ్తే చూపు వస్తుందా అని మావారు అడుగుతున్నారు. బాబును నలుగురిలో పెట్టడం ఎందుకని అత్తయ్య అంటున్నారు. తొమ్మిదేళ్ల పాపను ఎక్కడ వదిలి వెళ్లాలో తెలియడం లేదు.
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: వెళ్లండమ్మా, వీలైతే ఐదుగురూ వెళ్లండి. మీవారి ప్రశ్నకు ముందుగా సూటిగా జవాబు చెప్పాలి: సదస్సుకు వెళ్తే చూపు రాదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లో రెటీనా రక్తనాళాలు దారి తప్పి పెరిగి, ముదిరితే రెటీనానే ఊడదీసే జబ్బును డాక్టర్లు ఆర్‌వోపీ అంటారు. దాన్ని వేళకు గుర్తిస్తే లేజరుతో చాలావరకు ఆపవచ్చు కాబట్టి, 34 వారాలకు ముందు గాని, 2 కిలోల కంటే తక్కువ బరువుతో గాని పుట్టిన బిడ్డలకు 30 రోజుల లోపే కంటి పరీక్ష చేయించాలని చెబుతారు. మీ బాబు ఆ దశ దాటాడు. కంటి డాక్టరుకు చూపించడం మానవద్దు గాని, సదస్సుకు వెళ్లేది మాత్రం చూపు లేని పిల్లవాడు తన పనులు తాను చేసుకుంటూ ఎలా పెరుగుతాడో నేర్చుకోవడానికి. పసరు వేస్తే చూపు వస్తుందనేవాళ్లు అక్కడికీ వస్తారు. వాళ్లతో మాట పెంచుకోకండి.

ప్రత్యేక ఉపాధ్యాయురాలిగా ఇలాంటి ఒక సదస్సులో నేను చూసిన సంగతి చెబుతాను. తండ్రుల కళ్లకు గంతలు కట్టి, ఎదురుగా ఉన్న స్టీలు గ్లాసులోకి చెంబుతో మంచినీళ్లు వంచుకోమన్నాము. ఒకాయన లుంగీ అంతా తడుపుకున్నాడు. పక్కనే కూర్చున్న ఎనిమిదేళ్ల పాపకు పుట్టుకతోనే చూపు లేదు. ఆ పాప ఆయన చూపుడు వేలు పట్టుకుని, గ్లాసు అంచు మీదుగా లోపలికి వంచి పెట్టి, “వేలికి చల్లగా తగలగానే ఆపేయాలి మామయ్యా” అంది. ఆయన ఏమీ మాట్లాడలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర కొడుక్కి పప్పన్నం కలిపి ముద్ద పెట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ పిల్లవాడు తానే కలుపుకున్నాడు, సగం చొక్కా మీద పోసుకున్నాడు. ఇంట్లో తల్లి ఎన్నిసార్లు చెప్పినా జరగనిది ఒక్క పూటలో జరిగిందంటే, చెప్పింది చూపు లేని పిల్ల కావడమే కారణమని నా నమ్మకం.

అందుకే వేదిక మీది ప్రసంగాల కంటే, చూపు లేని పెద్దవాళ్ల పక్కన కూర్చోవడానికి ఎక్కువ సమయం పెట్టుకోండి. మచిలీపట్నం ప్రాంతంలో పుట్టిన, చూపు లేని శ్రీకాంత్ బొల్లా ఇంటర్లో సైన్సు చదవడానికి కోర్టుకెక్కి, అమెరికాలోని ఎంఐటీలో చదివి వచ్చి, 2012లో పరిశ్రమ పెట్టిన కథ వేదిక మీద తప్పకుండా వినిపిస్తుంది. గొప్ప కథే. కాని మీకు అంతకంటే పనికొచ్చేది బ్యాంకులో పనిచేసే చూపు లేని ఉద్యోగి బస్సు ఎలా ఎక్కుతాడో, చూపు లేని గృహిణి పోపు ఎప్పుడు వేగిందో ఎలా కనిపెడుతుందో అడిగి తెలుసుకోవడం. అత్తయ్యగారిని బతిమాలైనా తీసుకెళ్లండి. ఆమె మాట వెనక ఉన్నది మనవడి మీద దిగులే. ఆ దిగులు ఉన్న నానమ్మలు అక్కడ ఇంకా కొందరు కలుస్తారు.

పాపను వదిలి వెళ్లవద్దు. తమ్ముడు ఏది పడేసినా తనకే తిట్లు పడతాయని, పెద్దయ్యాక వాడి భారమంతా తనదేనేమోనని ఇలాంటి అక్కలకు ఉండే మాటలు అమ్మానాన్నల ముందు బయటికి రావు, తమలాంటి పిల్లల దగ్గరే వస్తాయి.

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డు అయిన యూడీఐడీ, కంటి రిపోర్టుల జిరాక్సులు వెంట ఉంచుకోండి. బాబుకు వచ్చే ఏడు ఆరేళ్లు నిండుతాయి. 40 శాతం గాని అంతకు మించి గాని వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలోనో, తాము కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోనో ఉచితంగా చదివే హక్కును 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇచ్చింది. మీ మండలంలో ఇలాంటి పిల్లలకు చదువు నేర్పే భవిత కేంద్రం ఎక్కడుందో, అక్కడ బ్రెయిలీ తెలిసిన టీచరు ఉన్నారో లేదో సదస్సులోనే కనుక్కుని రండి.

ప్రశ్న: మా అమ్మాయికి కొద్దిగా చూపు ఉంది, పుస్తకం కంటికి ఆనించుకుని చదువుతుంది. మేము వెళ్లబోయే సదస్సులో బ్రెయిలీ తరగతి కూడా ఉంది. బ్రెయిలీ నేర్పితే ఉన్న చూపు మందగిస్తుందంటున్నారు, నిజమేనా?
– గుంటూరు

జవాబు: నిజం కాదు. వేళ్లతో చదివినందువల్ల కళ్లకు నష్టమేమీ లేదు. ఒక పేజీ చదివేసరికి అమ్మాయికి మెడనొప్పి, తలనొప్పి వస్తున్నాయంటే, తరగతులు పెరిగేకొద్దీ పాఠాలు ఆ కళ్లకు మించిపోతాయి. అప్పుడు బ్రెయిలీ చేతిలో ఉంటే రెండు దారులూ ఉంటాయి. ఆ తరగతిలో మీరూ కూర్చోండి. ఒక్కో గడిలో ఆరు చుక్కలే: ఎడమ వరుసలో పై నుంచి కిందికి 1, 2, 3, కుడి వరుసలో 4, 5, 6. 1వ చుక్క ఒక్కటే ఉంటే అ, 1, 3, 4 చుక్కలు కలిస్తే మ, ఒత్తు రాబోతోందని చెప్పడానికి ముందొక గడిలో 4వ చుక్క. అలా “అమ్మ” నాలుగు గడుల మాట అవుతుంది. మీరు కళ్లతోనే చదువుకోవచ్చు కాబట్టి ఇంకా సులువు.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాము. మా బాబుకు చూపు లేదు, బడిలో ఇంగ్లిష్ బ్రెయిలీ నేర్పుతున్నారు. ఇక్కడి తల్లిదండ్రుల సదస్సులు మాలాంటివారికి ఉపయోగపడతాయా? ఇక తెలుగు వదిలేయాల్సిందేనా?

జవాబు: ఉపయోగపడతాయి. నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ ది బ్లైండ్ చూపు లేనివారే నడుపుకునే సంస్థ. అందులో తల్లిదండ్రుల విభాగం 1983 నుంచి ఉంది. జాతీయ సమావేశానికి రోజులు ఎక్కువ పడతాయి కాబట్టి, ముందు వారాంతంలో జరిగే రాష్ట్ర శాఖ సమావేశానికి వెళ్లి చూడండి. బాబుకు ఏమేమి ఎలా నేర్పాలో బడి రాసిచ్చే ఐఈపీ పత్రం తీసుకెళ్లి, అనుభవమున్న తల్లిదండ్రులకు చూపించండి. అవసరం లేదని పరీక్షించి తేల్చితే తప్ప చూపు లేని పిల్లలకు బ్రెయిలీ నేర్పాలనే అక్కడి చట్టం చెబుతుంది.

తెలుగు మాత్రం వదలకండి. మన భాషలకు వాడే భారతీ బ్రెయిలీలో క, ల, మ, న, ప, ర, స అక్షరాలకు వాడే చుక్కలు ఇంగ్లిష్‌లో కె, ఎల్, ఎమ్, ఎన్, పి, ఆర్, ఎస్ అక్షరాల చుక్కలే. మీ బాబు వేళ్లకు తెలుగులో సగం దారి ఇప్పటికే తెలుసు.