బ్లూటూత్‌కి ఆ పేరు ఎలా వచ్చింది?

వైర్‌లెస్‌కీ నీలం పంటికీ సంబంధం ఏమిటన్నది ప్రశ్న. సంబంధం ఒక రాజుగారితో. 10వ శతాబ్దంలో డెన్మార్క్‌ని ఏలిన హెరాల్డ్‌కి 'బ్లోటాన్' అని మారుపేరు. డేనిష్‌లో 'బ్లో' అంటే నీలం, 'టాన్' అంటే పన్ను. ఆయనకి నల్లబడ్డ పుచ్చుపన్ను ఉండేదేమోనని ఒక ఊహ. డెన్మార్క్‌నీ నార్వేనీ గెలిచానని డెన్మార్క్‌లోని జెల్లింగ్ అనే ఊళ్లో రాతి మీద చెక్కించుకున్నాడు.

1997లో ఇంటెల్ ఇంజనీరు జిమ్ కార్డాక్, ఆ రాజు రాజ్యాల్ని కలిపినట్టే ఫోన్లనీ కంప్యూటర్లనీ కలిపే ప్రాజెక్టుకి ఈ పేరు సూచించాడు, అదీ తాత్కాలికంగా! అసలు పెట్టాలనుకున్న 'పాన్' (పర్సనల్ ఏరియా నెట్‌వర్కింగ్‌కి పొట్టి పేరు) అనే పేరు అప్పటికే ఇంటర్నెట్ నిండా వాడుకలో ఉండటంతో ట్రేడ్‌మార్క్‌కి పనికిరాలేదు. అలా ఇదే ఖాయమైంది. లోగో కూడా హెరాల్డ్ బ్లోటాన్ పొడి అక్షరాలే, పాత రూన్ లిపిలో ఒకదానిమీద ఒకటి పెట్టినవి.

తెలుగులో బ్లూటూత్ అంటే చాలు. 'నీలిదంతం' అంటే పళ్లపొడి అనుకుంటారు.