నాన్న మలేషియాలో ఉన్నాడని ఎన్నాళ్లు చెప్పాలి?

ప్రశ్న: హైదరాబాద్ బాలాపూర్‌లో మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా శరణార్థుల పిల్లలకు సాయంత్రం ట్యూషన్ చెబుతాను. వాళ్లలో తొమ్మిదేళ్ల బాబు ఒకడున్నాడు. రెండేళ్ల కిందట వాళ్ల నాన్న బంగ్లాదేశ్ శిబిరం నుంచి మలేషియాకు బయల్దేరి, పడవ మునిగి చనిపోయాడు. బతికి బయటపడిన ఒకాయన ఫోన్ చేసి చెప్పాడట. తర్వాత తల్లి, కొడుకు ఇక్కడున్న మేనమామ దగ్గరికి వచ్చేశారు. 'నాన్న మలేషియాలో పనిచేస్తున్నాడు' అని తల్లి బాబుకు ఇప్పటికీ చెబుతోంది. బాబు రోజూ కాగితం పడవలు చేసి బకెట్లో ముంచుతుంటాడు. ఈ మధ్య రాత్రిళ్లు పక్క తడుపుతున్నాడు. ఆ ఆట మాన్పించనా? నిజం నేనే చెప్పేయనా?

జవాబు: టీచర్ గారూ, బాబుకు తెలిసే ఉంటుందని నా అనుమానం. అంత ఇరుకు బస్తీలో ఇలాంటి మాట రెండేళ్లు దాగదు. తనకు తెలుసన్న సంగతి అమ్మకు తెలియకూడదని దాచుకుంటున్నాడేమో. మన ఇళ్లలో మాత్రం? శవం లేవకముందే పిల్లల్ని పక్కింటికి పంపేసి, 'తాతయ్య ఊరెళ్లాడు' అనేస్తాం.

నిజం చెప్పాల్సిందే. కానీ చెప్పాల్సింది మీరు కాదు. తల్లి చెప్పాలి, తన భాషలో, బాబును పక్కన కూర్చోబెట్టుకుని. ఆమెకు ధైర్యం చాలకపోతే మేనమామ చెప్పవచ్చు, అప్పుడూ ఆమె అక్కడే ఉండాలి. 'నిద్రపోయాడు', 'దూరం వెళ్లాడు' లాంటి మాటలు వద్దు. 'చనిపోయాడు' అనే చెప్పాలి. ఆ తర్వాత అల్లా దగ్గరున్నాడని చెప్పుకోవచ్చు. ఈ వయసు పిల్లలకు లోపల 'నా వల్లేనా?' అన్న ప్రశ్న తొలుస్తుంటుంది. నాన్నను ఏ సైకిలో అడిగి ఉంటాడు, అందుకే వెళ్లాడనుకుంటాడు. వాడు అడగకపోయినా 'నీ వల్ల కాదు నాయనా' అని ఆమె అనాలి. విన్న పది నిమిషాలకే గోలీలాటకు పరుగెత్తితే బాధ లేదనుకోకండి. పిల్లలు ఏడుపులోంచి ఆటలోకి, ఆటలోంచి ఏడుపులోకి అలా వెళ్లొస్తుంటారు.

శవం దొరకలేదు, వెళ్లి నిలబడడానికి సమాధి లేదు. నాన్న కోసం దువా చేసే రోజు ఒకటి పెట్టుకుంటే బాబునూ కూర్చోబెట్టుకోమని చెప్పండి.

పడవల ఆట మాన్పించకండి. నోటితో చెప్పలేనిది చేతులతో చెబుతున్నాడు. పక్కన కూర్చుని 'ఇందులో ఎవరున్నారు? ఒడ్డున ఎవరైనా ఉన్నారా?' అని అడగండి. జవాబు రాకపోతే వదిలేయండి. నెలలు గడిచినా ఆట కొంచెమైనా మారకుండా, ఆడాక మరింత బిగుసుకుపోతుంటే మాత్రం డాక్టరుకు చూపించాలి. పక్క తడిపినందుకు తిట్టడం, నలుగురిలో చెప్పడం అసలు వద్దు. ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు (14416) ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే మీరూ తోడు వెళ్లండి. గుర్తింపు కార్డుల గురించి అడుగుతారేమోనన్న టెన్షన్‌తో ఆమె గేటు దగ్గరే ఆగిపోవచ్చు.

ఆ భయం ఉత్తది కాదు. 1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు, శరణార్థులకంటూ ప్రత్యేక చట్టమూ లేదు. ఐక్యరాజ్యసమితి ఇచ్చే శరణార్థి కార్డు ఉన్నా గుండె దడే. అందుకే 'ఇక్కడ నీకేం కాదు' అని బాబుకు మాటివ్వకండి. అది మీ చేతిలో లేదు.

తల్లిని కూడా చూసుకోండి. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్‌పై బాంబులు పడుతున్న రోజుల్లో పిల్లల మనసుల మీద పనిచేసిన అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ పిల్లల కోసం నర్సరీలు నడిపారు. చిన్నపిల్లల్ని బాంబుల కన్నా తల్లికి దూరం కావడమే ఎక్కువ కుంగదీస్తోందని వాళ్లు గమనించారు. ఈమె బాబు పక్కనే ఉంది, కానీ రెండేళ్లుగా అబద్ధం మోస్తూ వాడి కళ్లలోకి చూడలేకపోతోంది. ముందు ఆమెను మీ దగ్గర కూర్చోబెట్టుకుని ఏడవనివ్వండి.

ఇక మీరు చేయగలిగింది ట్యూషనే. అదే వేళకు, అదే చాప మీద. రాలేని రోజుంటే ముందురోజే బాబుకు చెప్పండి, మళ్లీ ఏ రోజు వస్తారో కూడా చెప్పి వెళ్లండి.